గుండ్రటి గోడల గుట్టు

ఢిల్లీ పొలిమేరలో, ఘజియాబాద్ జిల్లాలో ఉన్న వైశాలికి మెట్రో రైలు 2011 జులై 14న వచ్చింది. స్టేషన్ మెట్లు దిగి చుట్టూ చూస్తే ఊరంతా మూలలతో కట్టినట్టే ఉంటుంది. ఫ్లాట్లు, కిటికీలు, బాల్కనీలు, దుకాణాల షట్టర్లు... దేన్ని చూసినా నాలుగు పలకలే. కానీ ఊరి బతుకు బండిని లాగుతున్నవి మాత్రం మూలలు లేనివి. మేడల మీది నల్లటి నీళ్ల ట్యాంకులు, ఆటోలో ఒదిగిన సీఎన్‌జీ సిలిండర్, నేలలో పాతిన నీటి, మురుగు, గ్యాస్ గొట్టాలు, వంటింట్లో ఎర్రటి గ్యాస్ బండ. బళ్లో 'స్థూపం' పేరుతో చదువుకుని, పరీక్ష అయ్యాక సూత్రంతో సహా మరచిపోయిన ఆకారమే ఇవన్నీ.

దీనికి ఇంత గిరాకీ ఎందుకు? మొదటి కారణం పొదుపు. నాలుగు మీటర్ల రేకును నలుచదరంగా వంచితే లోపల దక్కే చోటు ఒక చదరపు మీటరు. అదే రేకును గుండ్రంగా చుడితే దాదాపు 1.27 చదరపు మీటర్లు. ఖర్చు పెరగకుండానే పావు వంతుకు పైగా లాభం. లెక్కలు రాకపోయినా తెలుగు రైతు ధాన్యం గాదెను గుండ్రంగానే అల్లాడు.

రెండోది, అసలైనది, ఒత్తిడి. పెట్టెలో గ్యాస్ కూరితే బల్లపరుపు గోడలు ఉబ్బుతాయి, ఆ బాధంతా మూలల్లో పోగవుతుంది. చీలిక మొదలయ్యేదీ అక్కడే. గుండ్రటి గోడకు మూలే లేదు కనుక ఒత్తిడి చుట్టూ సమానంగా పంచుకుపోతుంది. బయటి నుంచి నొక్కినా ఇదే న్యాయం. చుట్టూ మట్టి ఒత్తుతున్నా బావి ఒరలు కూలకపోవడానికి కారణం ఒకదాన్నొకటి పట్టుకున్న ఆ వలయమే.

ఆ మాటకొస్తే ఒత్తిడిని తట్టుకోవడంలో స్థూపం కన్నా గోళం మేలు. కానీ గోళం నిలబడదు, లారీలో కుదురుగా ఉండదు. స్థూపం నిలబెడితే నిలుస్తుంది, పడుకోబెడితే దొర్లుతుంది. అందుకే గ్యాస్ బండ రెండింటి మధ్య రాజీ కుదుర్చుకుంది. నడుము స్థూపం, తల, అడుగు గోళంలో ముక్కల్లా ఉబ్బెత్తు.

ఆ నడుము మీద వేలితో తడిమితే అడ్డంగా ఓ అతుకు తగులుతుంది. లోతుగా సాగదీసిన రెండు ఉక్కు గిన్నెలను ఎదురెదురుగా బోర్లించి వెల్డింగ్ చేసిన చోటది. అతుకు నిలువునా కాకుండా అడ్డంగా ఉండటం కాకతాళీయం కాదు. గుండ్రటి గోడను నిలువునా చీల్చాలని చూసే బలం, అడ్డంగా తెంపాలని చూసే బలానికి సరిగ్గా రెట్టింపు. ఒత్తిడి ఎక్కువై పగిలిన గొట్టం సాధారణంగా నిలువునా చీలేది అందుకే. కనుక అతుకును బలం సగమే పడే చోట పెట్టారు. 14.2 కిలోల గ్యాస్ ఇంట్లో భద్రంగా ఉండటం వెనక ఉన్న రేఖాగణితం ఇదే.

అయితే ఈ లెక్కలో గోడ మందం కూడా ఉంది. మందం సగానికి తగ్గితే లోహం మీద భారం రెట్టింపవుతుంది. తుప్పు చేసేది ఆ పనే, అదీ చడీచప్పుడు లేకుండా. కోనసీమలోని నగరం గ్రామంలో 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ గ్యాస్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా సజీవ దహనమయ్యారు, గాయాలతో చనిపోయారు. గొట్టం కూడా పడుకోబెట్టిన స్థూపమే. ఆకారంలో దోషం లేదు. గ్యాస్‌తో పాటు ప్రవహించిన నీరు లోపలి నుంచి లోహాన్ని తినేసింది. గణితం ఇచ్చిన రక్షణను నిర్లక్ష్యం తీసేసుకుంది.

అందుకే గ్యాస్ సిలిండర్లకు గడువులు పెట్టి పరీక్షలు చేస్తారు. దాదాపు 200 బార్ల ఒత్తిడితో గ్యాస్ నింపుకునే సీఎన్‌జీ వాహనాల సిలిండర్లకు మూడేళ్లకోసారి నీటి ఒత్తిడి పరీక్ష తప్పనిసరి. వంటగ్యాస్ బండకు ఆ గడువు దాని మీదే రాసి ఉంటుంది. పైపట్టును మోసే మూడు పట్టీల్లో ఒకదాని లోపలివైపు ఒక అక్షరం, రెండంకెలు కనిపిస్తాయి. ఎ అంటే జనవరి-మార్చి, బి అంటే ఏప్రిల్-జూన్, సి అంటే జులై-సెప్టెంబర్, డి అంటే అక్టోబర్-డిసెంబర్. అంకెలు సంవత్సరం. బి-28 అని ఉంటే 2028 జూన్ లోపు ఆ బండను మళ్లీ పరీక్షించాలి. అది లోపలి గ్యాస్‌కు గడువు కాదు, గోడకు గడువు. తేదీ దాటిన బండ గుమ్మంలోకి వస్తే వద్దని తిప్పి పంపవచ్చు.

వైశాలి అపార్ట్‌మెంటులోనైనా, కోనసీమ పెంకుటింట్లోనైనా బండ దించగానే చాలామంది చూసేవి రెండే: సీలు, బరువు. మూడోది కూడా చూడటానికి పట్టేది అయిదు సెకన్లు. గుండ్రటి గోడ తన వంతు పని నమ్మకంగా చేస్తుంది. అది ఇంకా గట్టిగానే ఉందా అని అడగాల్సిన వంతు మాత్రం ఇంటివాళ్లది.