తండ్రి వృత్తి: కూలి, తల్లి వృత్తి: ఏమీ లేదు. తప్పు రాశాం.

కొంచెం పొడవు పోస్టు. ఓపికతో చదవండి.

మా హాస్టల్ గదిలో ఐదుగురం ఉంటాం. అందరం పాడేరు, చింతపల్లి వైపు గూడేల వాళ్లమే, మా ఇళ్లలో కాలేజీ మెట్లెక్కిన మొదటి వాళ్లమే. డిగ్రీలో చేరినప్పుడు అప్లికేషన్‌లో తండ్రి వృత్తి దగ్గర "కూలి" అని, తల్లి వృత్తి దగ్గర "ఏమీ లేదు" అని రాశాం. మొన్న రాత్రి కూర్చుని లెక్క వేసుకున్నాం. ఒకరి ట్రంకు పెట్టె, దుప్పట్లు రెండు మేకపోతులు. ఒకరి పరీక్ష ఫీజు సంతలో అమ్మిన కోడిపుంజు. ఒకరి సెల్ ఫోను ఒక పంది. ఆ మందని, కోళ్లని పొద్దున్న లేచి చూసేది ఎవరు? అమ్మ. మరి ఏమీ లేదని ఎలా రాశాం? సిగ్గుపడి రాశాం.

క్లాసులో "సమీకృత వ్యవసాయం" అని పాఠం చెప్పారు. ఒకదాని వ్యర్థం ఇంకోదానికి మేత కావాలంట. కొత్త విషయంలా నోట్సు రాసుకున్నాం. మా ఇంట్లో జరిగేది అదే కదా! మేకల కొట్టంలో గత్తం చోడి చేనుకి పోతాది. చోడి గడ్డి ఎద్దులకి. ఎద్దులు దుక్కికి. తౌడు, నూకలు కోళ్లకి. మాలో చాలా ఇళ్లలో ఆవు పాలు పిండరు, దూడకే వదిలేస్తారు. "పాలివ్వని ఆవు ఎందుకు" అని నవ్వేవాళ్లకి ఒకటే జవాబు: ఆ పాలు తాగిన దూడే రేపు మా నాగలి లాగుతాది.

పథకాల వాళ్లు వచ్చి ఇవన్నీ పనికిరావంటారు. మా గూడేల్లో ఒకచోట లోను మీద సంకర జాతి ఆవుల్ని ఇచ్చారు. దాణా బస్తా సంత నుంచి కొండ మీదికి మోయాలి. పాలు కొనేవాడు కొండెక్కి రాడు. ఆవు పోయింది, లోను మిగిలింది. వనరాజా, గ్రామప్రియ కోళ్లు గుడ్లు ఎక్కువ పెడతాయి, కాదనం. కానీ అవి పొదగడానికి కూర్చోవడం తక్కువ. అంటే మళ్లీ పిల్లల్ని కొనాల్సిందే. మా నాటు పెట్ట 21 రోజులు కూర్చుని తన పిల్లల్ని తనే లేపుతాది. కోడి లేని ఇంటికి పక్కింటివాళ్లు పెట్టని వాటాకి ఇస్తారు, పిల్లల్ని చెరిసగం పంచుకుంటారు. బ్యాంకు లేదు, వడ్డీ లేదు. తర్వాతి తరం మన కొట్టంలోనే పుడితేనే అది మన సొంత ఫారం. ప్రతిసారీ బయట కొనాల్సి వస్తే మనం కొనుగోలుదారులమే.

మన దగ్గర అంతా బాగుందని మాత్రం అనం. కొక్కెర తెగులు వస్తే వారంలో గంపలన్నీ ఖాళీ. పారుడు రోగం వస్తే మంద సగం పోతాది. మనకి లోటు జాతి కాదు, టీకా. కోడిపిల్లకి మొదటి వారంలో కంట్లో ఒక చుక్క లసోటా, రెండు నెలలకి రెక్క కింద ఒక సూది. అంతే. కానీ ఆ మందు చల్లగా ఉండాలి, గూడెం దాకా అలాగే చేరాలి. ఆవుని లారీలో కొండెక్కించగలిగిన వాళ్లకి ఐసు డబ్బా ఎక్కించడం చేతకాదా?

అందుకే మేము అడిగేది మూడే. ఒకటి, టీకాలు వేళకి గూడేనికి రావాలి, వెయ్యడం మన పిల్లలకే నేర్పాలి. రెండు, 2006 అటవీ హక్కుల చట్టం మేత హక్కుని సామూహిక హక్కుగా గుర్తించింది. మేత భూముల్లో కందకాలు తవ్వి మొక్కలు నాటితే మేకలు ఎక్కడికి పోవాలి? మూడు, 1996 పీసా చట్టం ప్రకారం పథకాన్ని ముందు గ్రామసభ ఆమోదించాలి, లబ్ధిదారుల్ని గ్రామసభే ఎంచాలి. ఏ పశువు కావాలో అక్కడ అమ్మలు చెప్తారు. సంతకం తర్వాత, మాట ముందు.

మన పని కూడా ఉంది. సెలవులకి వెళ్లి ఫోను చూస్తూ పడుకోవద్దు. గూడెంలో ఎన్ని మేకలు, ఎన్ని కోళ్లు ఉన్నాయో, కిందటేడు ఎన్ని పోయాయో కాగితం మీద రాయండి. ఆ కాగితం గ్రామసభలో పెట్టండి. ఫీజు కోసం ఈనే మేకని అమ్మనివ్వకండి. పోతుని అమ్మాలి, ఆడదాన్ని ఉంచాలి. ఇది మనకి ఏ ప్రొఫెసరూ చెప్పలేదు, అమ్మే చెప్పింది.

వచ్చే ఏడు అప్లికేషన్‌లో మేము ఐదుగురం తల్లి వృత్తి దగ్గర "పశుపోషణ" అని రాస్తాం. మీరూ రాయండి.

జై ఆదివాసీ.