అనుమానానికి ముందు పరిశీలన

అమెరికాలో నివసించే మేము సెలవుల్లో పిల్లలతో ప్రయాణించేందుకు ఒక పాత మోటార్‌హోమ్ కొన్నాము. ఒక అడవి విడిదిలో ఫజ్ర్ వేళ వుజూ కోసం కుళాయి తిప్పితే నీరు రాలేదు. పంపు మూలిగి ఆగిపోయింది, దీపాలు మసకబారాయి. సీసా నీళ్లతో వుజూ చేసి నమాజు ముగించాము. రాత్రంతా లైటు వేసి ఉంచి బ్యాటరీ ఖాళీ చేశాడని మా అబ్బాయిని గట్టిగా మందలించాము. కొత్త బ్యాటరీ కొనాలనీ నిశ్చయించుకున్నాము.

కొనే ముందు మల్టీమీటరుతో కొలిచాము. ఏదీ వాడనప్పుడు బ్యాటరీ 12.7 వోల్టులు చూపింది. 12 వోల్టుల లెడ్-యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉందనడానికి అది గుర్తు. పంపు వేసినా బ్యాటరీ వద్ద పెద్దగా తగ్గలేదు, పంపు వద్ద మాత్రం 9 వోల్టులే ఉంది. అంటే శక్తి ఉంది, అది చేరే దారిలోనే లోపం. వెదకగా, నెగటివ్ తీగను వాహనపు చట్రానికి బిగించిన బోల్టు తుప్పు పట్టి కనిపించింది. ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, తుప్పును ఇనుప బ్రష్షుతో మెరిసేదాకా గీకి, బోల్టు బిగించి, ఆ తీగను చివరగా కలిపాము. అల్‌హమ్‌దులిల్లాహ్, నీరు ధారగా వచ్చింది.

అనుమానాలకు దూరంగా ఉండమని దివ్యఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా హెచ్చరిస్తుంది. పిల్లలకు ఎన్నోసార్లు చెప్పిన ఆ మాటను మేమే మరిచాము. పరిశీలించకుండా బ్యాటరీ మారిస్తే డబ్బు దుబారా అవుతుంది, పరిశీలించకుండా బిడ్డను నిందిస్తే మనసు గాయపడుతుంది. ఆ ఉదయమే మా అబ్బాయిని దగ్గరకు పిలిచి క్షమాపణ కోరాము.