‘కూల్ జపాన్’: విదేశాల్లో ఆదరణ, స్వదేశంలో ప్రశ్నలు

యానిమే చిత్రాలు, మాంగా బొమ్మల కథలు, వీడియో గేముల వంటి సృజనాత్మక ఉత్పత్తుల ద్వారా జపాన్ విదేశాల్లో ఆర్జిస్తున్న రాబడి ఆ దేశ ఉక్కు ఎగుమతులకు దాదాపు సమాన స్థాయికి చేరింది. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో ఇది 4.7 లక్షల కోట్ల యెన్లు. దీనిని 2033 నాటికి 20 లక్షల కోట్ల యెన్లకు పెంచాలని 2024 జూన్‌లో సవరించిన ‘కూల్ జపాన్’ వ్యూహం లక్ష్యంగా నిర్దేశించింది. అయితే ఇప్పటివరకు సాధించిన విజయంలో సర్కారు సొమ్ము పాత్ర ఎంత అన్నది వేరే ప్రశ్న.

సంస్కృతిని దౌత్య సాధనంగా మలచుకునే ప్రయత్నం తారో అసో విదేశాంగ మంత్రిగా ఉన్నప్పుడు ఊపందుకుంది. 2007లో అంతర్జాతీయ మాంగా పురస్కారం మొదలైంది. 2008లో డోరేమాన్ ‘యానిమే రాయబారి’గా నియమితమైంది. తరువాత సావో పౌలో, లాస్ ఏంజెలెస్, లండన్ నగరాల్లో ‘జపాన్ హౌస్’ కేంద్రాలు వెలిశాయి. జపాన్ హస్తకళలు, డిజైన్, వాస్తుశిల్పం, ఆహార సంస్కృతిని ఇవి పరిచయం చేస్తున్నాయి.

చిక్కు వాణిజ్యంలో వచ్చింది. 2013 నవంబరులో ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంతో ‘కూల్ జపాన్ ఫండ్’ ఏర్పాటైంది. కౌలాలంపూర్‌లో జపాన్ ఉత్పత్తుల కోసం 2016లో ప్రారంభమైన ఇసెతాన్ దుకాణంలో ఈ సంస్థ పెట్టుబడి పెట్టింది. అమ్మకాలు ఆశించినంతగా లేక 2018లో తన వాటాను వదులుకుంది. 2022 మార్చి నాటికి సంస్థ సంచిత నష్టాలు 3,000 కోట్ల యెన్లు దాటాయి. పనితీరు మెరుగుపడకపోతే విలీనాన్ని లేదా రద్దును పరిశీలించాలని ఆర్థిక మంత్రిత్వ శాఖ సలహా మండలి అదే ఏడాది సూచించింది. దీర్ఘకాలిక పెట్టుబడులు ఆలస్యంగా ఫలిస్తాయన్న వాదన ఉన్నా, ప్రజాధనానికి జవాబుదారీ తప్పదు.

మరోవైపు, యానిమే ప్రాజెక్టులు ఎక్కువగా ప్రైవేటు ‘నిర్మాణ కమిటీ’ల చేతుల్లో రూపొందుతాయి. ప్రచురణ సంస్థలు, టీవీ చానళ్లు, బొమ్మల కంపెనీలు కలిసి పెట్టుబడి పెట్టి హక్కులు పంచుకుంటాయి. కమిటీలో వాటా లేని స్టూడియోకు దక్కేది ఒప్పందపు రుసుమే. గీసిన బొమ్మల లెక్కన వేతనం పొందే ఫ్రీలాన్స్ చిత్రకారుల వరకు లాభం చేరడం అరుదు. ఈ రంగంలోని తక్కువ వేతనాలు, మితిమీరిన పనిగంటలపై ఐక్యరాజ్యసమితి కార్యబృందం 2024 నివేదికలో ఆందోళన వ్యక్తం చేసింది. ఫ్రీలాన్సర్ల రక్షణకు తెచ్చిన చట్టం అదే ఏడాది నవంబరులో అమల్లోకి వచ్చింది. గీసే చేతులు కరవైతే 2033 లక్ష్యం కాగితానికే పరిమితమవుతుంది.

ఆదరణ దౌత్య కవచం కాదని కూడా తేలింది. తైవాన్‌పై ప్రధాని సనాయె తకాయిచి వ్యాఖ్యల అనంతరం 2025 నవంబరులో చైనాలో ‘క్రేయాన్ షిన్-చాన్’ సహా కొన్ని జపాన్ చిత్రాల విడుదల వాయిదా పడింది. ఒకే మార్కెట్‌పై ఆధారపడితే రాజకీయ విభేదం నేరుగా వ్యాపారాన్ని తాకుతుంది. భారత్ వంటి మార్కెట్ల ప్రాధాన్యం పెరుగుతున్నది ఇందుకే. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాసిల్’ తెలుగు అనువాదంతోనూ భారత్‌లో విడుదలైంది. ఇటునుంచి వెళ్లిన ‘ఆర్‌ఆర్‌ఆర్’ జపాన్‌లో అత్యధిక వసూళ్లు సాధించిన భారతీయ చిత్రంగా నిలిచింది. ఈ రాకపోకలను నడిపించింది పంపిణీదారులు, అనువాదకులు, ప్రేక్షకులే.

2025 మేలో ముంబయిలో ‘వేవ్స్’ సదస్సు నిర్వహించి సృజనాత్మక ఆర్థిక వ్యవస్థపై ఆశలు పెట్టుకున్న భారత్‌కు ఈ అనుభవం పనికొస్తుంది. ఏ కళ ఎక్కడ అమ్ముడుపోతుందో ప్రభుత్వాలు ముందుగా ఊహించడం కష్టం. కళాకారుడికి న్యాయమైన వేతనం, హక్కుల్లో వాటా, అనువాదానికి ఆసరా కల్పించడం మాత్రం వాటి చేతిలోని పనే.