కండలు సరే.. గుండె సంగతి?

1988 సియోల్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల పరుగు గెలిచిన బెన్ జాన్సన్ మూడు రోజులకే పతకం పోగొట్టుకున్నాడు. మూత్ర పరీక్షలో స్టానొజొలాల్ అనే అనబాలిక్ స్టెరాయిడ్ బయటపడింది. పతకం పోతే మళ్లీ గెలుచుకోవచ్చు, ఆరోగ్యం అలా కాదు. ఈ మందులతో చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది, గుండె కండరం మందం కావచ్చు. బయటి నుంచి హార్మోను అందుతుంటే ఒంట్లో దాని తయారీ తగ్గి, వీర్యకణాలు పడిపోతాయి. ఎదిగే వయసులో వాడితే ఎత్తు పెరగడమే ఆగిపోవచ్చు.

మీ అబ్బాయి జిమ్‌కో, గ్రౌండ్‌కో వెళుతున్నాడా? కొద్ది వారాల్లోనే కండలు ఉబ్బితే మురిసిపోకండి. ముఖం నిండా మొటిమలు, చీటికిమాటికి కోపం కూడా ఉంటే అనుమానించండి. తిట్టకుండా, పక్కన కూర్చుని ఏం వాడుతున్నాడో అడగండి. డాక్టరుకు చూపించండి. కోచ్‌ను నిందించే ముందు ఆ ప్రశ్న మన ఇంట్లోనే మొదలవ్వాలి.