కొసరు అడుగు చేయి, కొసరు పెట్టు చేయి

మన తెలుగువారికి కొసరు అను మాట ఎంత ప్రియమైనదో చెప్పనక్కరలేదు. అసలు కన్న కొసరు ముద్దు అని సామెతయే యున్నది. కోరాపుట్టు సంతలోగాని, రాయగడ సంతలోగాని చూడుడు. నెత్తిమీద గంపతో కొండ దిగి వచ్చిన స్త్రీ పసుపో, అల్లమో, చింతపండో, చోళ్ళో కొలిచి పోయును. కొలత ముగిసిన పిమ్మట ‘ఇంకొక గుప్పెడు వేయి’ అందుము. ఆమె వేయకున్న మన చేయియే గంపలోనికి పోవును. ఇందులో తప్పేమున్నది, అందరును చేయునదే గదా అనుకొందుము.

స్వార్థము అనగానే మనకు పిసినారియైన ధనికుడు తలపునకు వచ్చును. మనవంటి సామాన్య గృహస్థుల స్వార్థము అంత పెద్ద రూపుతో రాదు. అది కొసరు రూపున వచ్చును. పుచ్చుకొనునప్పుడు కొలతకు పైన ఇంకొంచెము. ఇచ్చునప్పుడు మాత్రము ఖర్చులన్నియు తీరగా మిగిలినది.

లూకా సువార్తలో ప్రభువు చెప్పిన ధనవంతుని కథ మనకందరకు తెలిసినదే. ఆ మనుష్యుడు దొంగ అని అక్కడ లేదు. పొలము బాగుగా పండెను, కొట్లు చాలలేదు, పెద్దవి కట్ట దలచెను, అంతే. అయితే అతని ఆలోచనలో తాను తప్ప రెండవ మనిషి లేడు. పొరుగువాడు లేడు, కూలివాడు లేడు. అదే సువార్తలో ప్రభువు ఇచ్చువానికి దొరకు కొలతను గూర్చియు చెప్పెను. అది కుంచము అంచున చేతితో చదును చేసిన కొలత కాదు, రాశిగా పోసిన కొలత. అనగా దేవుడు కొసరు పెట్టువాడు.

ఆ కొసరును మనము ముందే పొందియున్నాము. ఉత్తర జర్మనీలోని బ్రెక్లుం అను పల్లెలో క్రిస్టియన్ యెన్‌సెన్ అను పాదిరి 1876లో ఒక మిషను స్థాపించెను. దాని తొలి మిషనరీలు 1882లో ఈ కోరాపుట్టు ప్రాంతమునకు వచ్చిరి. అప్పుడు ఇది మద్రాసు రాజధానిలోనిది. ఒరిస్సాలో చేరినది 1936లో. ఆ దేశపు విశ్వాసులు తామెన్నడును చూడని కొండలకొరకు కానుక లిచ్చిరి. 1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనముతో ఒక మిషనరీ సంఘము పెట్టి, తెలుగుదేశమునందలి దోర్నకల్లుకు పనివారిని పంపిరి. ఆ సంఘ స్థాపకులలో ఒకరైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912లో దోర్నకల్లు బిషప్పై, భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పు అనిపించుకొనెను. తమిళుడై పుట్టి తెలుగువారి మధ్య జీవితము గడిపిన ఆయన క్రైస్తవుల దాతృత్వమును గూర్చి ఒక పుస్తకమే వ్రాసెను. నేటి రాయగడ జిల్లాలోని బిస్సంకటక్కులో క్రైస్తవ ఆసుపత్రిని 1954లో ఆరంభించినది డెన్మార్కునుండి వచ్చిన ఎలిజబెత్ మాడ్సెన్ అను వైద్యురాలు. వీరిలో ఎవరును మన భాషవారు కారు, మన బంధువులు కారు.

పౌలు చేసిన చందా పనియు ఇట్టిదే. మాసిదోనియ సంఘములు తామే బీదవైయుండి, ఎక్కడో యెరూషలేములోని యూదా విశ్వాసులకొరకు ఇచ్చుటకు తమంత తామే ముందుకు వచ్చినవి. జాతి వేరు, భాష వేరు, దూరము చాల. అయినను ఇచ్చిరి.

ఇక మన చందాల పుస్తకము విప్పి చూచుకొందము. గుడి గోడలకు సున్నము, క్రిస్మసు విందు, మనవారి పెండ్లికి చదివింపులు. ఇవి మంచివే. కాని ఇందులో ఎన్ని రూపాయలు మన తెలుగు గడప దాటినవి? తరతరములుగా ఈ కొండల నీరు త్రాగుచున్నాము; వీరి అడ్డాకుల విస్తళ్ళలో భోజనము చేయుచున్నాము. కొండవారి బిడ్డ జ్వరముతో పడియున్నప్పుడు మనకు తెలియనైన తెలియునా?

‘మేమేమి ధనికులమా? పిల్లల చదువులున్నవి, ఆడపిల్లల పెండ్లిండ్లున్నవి’ అని కొందరందురు. నిజమే. రెండు కాసులు వేసిన విధవరాలికిని ఖర్చులు లేకపోలేదు. ప్రభువు చూచినది మొత్తమును కాదు. ఆమెకు ఏమి మిగిలినదో దానిని చూచెను.

కాబట్టి మూడు చిన్న పనులు చెప్పెదము. మొదటిది న్యాయము. సంతలో బీదరాలి ధర నొక్కి మిగిల్చిన పది రూపాయలను ఆదివారము కానుక సంచిలో వేసిన అది దానము కాదు, ఆమె సొమ్మే. జక్కయ్య బీదలకు పంచుటతో ఊరకుండలేదు, అన్యాయముగా తీసికొన్నదానిని నాలుగింతలుగా తిరిగి యిచ్చెదననెను. రెండవది పిడికెడు బియ్యము. అన్నము వండునప్పుడు ఎసటిలో పోయుటకు ముందే ఒక పిడికెడు వేరు కుండలో వేయుట ఏ ఇల్లాలికిని భారము కాదు. నెల తిరుగునప్పటికి ఒక బీద కుటుంబమునకు కొన్నాళ్ళ గ్రాసమగును. మూడవది, దేవుని భాగమును నెల చివర వెదకక, జీతము అందిన దినముననే, వర్తకులైనచో లెక్క చూచిన దినముననే, తీసి వేరుగా ఉంచుట. అందులో సగమైనను మన భాష మాటలాడనివారికి చేరవలెను.

ఆ భాగమును పిల్లలచేత లెక్కపెట్టించుడు. మన ఉపదేశములు వారు మరతురు. తమ చేతులతో లెక్కించి పరులకొరకు తీసిపెట్టిన రూకలను మాత్రము మరువరు.