వర్క్ ఫ్రమ్ హోమ్: బీడీల చాట నుంచి ల్యాప్‌టాప్ దాకా.. అన్నీ ఒకటేనా? ఒప్పుకునే ముందు ఇవి తెలుసుకోండి

వర్క్ ఫ్రమ్ హోమ్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది 2020 లాక్‌డౌన్, ల్యాప్‌టాప్, వీడియో మీటింగులు. కానీ జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు మహిళలకు ఇది కొత్త కాదు. చాట ముందు పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి బీడీలు చేసే వాళ్లంతా దశాబ్దాలుగా ఇంటి నుంచే పనిచేస్తున్నారు. ఇప్పుడు గొల్లపల్లి లాంటి ఊళ్లలో తల్లి బీడీలు చేస్తుంటే, చదువుకున్న బిడ్డ ఫోన్‌లో వర్క్ ఫ్రమ్ హోమ్ జాబ్ వెతుకుతోంది. రెండూ ఇంటి నుంచి చేసే పనులే. మరి తేడా ఎక్కడుంది?

ఎన్ని రకాలు?

ఫుల్‌టైమ్ వర్క్ ఫ్రమ్ హోమ్: మీరు కంపెనీ ఉద్యోగే. నెల జీతం, పీఎఫ్, సెలవులు ఉంటాయి. మారేది పనిచేసే చోటు మాత్రమే.

హైబ్రిడ్: వారంలో కొన్ని రోజులు ఇల్లు, కొన్ని రోజులు ఆఫీసు. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు ఇది సుఖమే. దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న జగిత్యాల జిల్లా వాసులకు మాత్రం లెక్క వేరు. వారానికి రెండు రోజులైనా సరే, అక్కడ రూమ్ అద్దె తప్పదు. ఆఫర్ లెటర్‌లో హైబ్రిడ్ అని ఉంటే ముందు ఈ ఖర్చు లెక్కేసుకోండి.

రిమోట్: ఏ ఊరి నుంచైనా చేయొచ్చు. ఇక్కడ చూడాల్సింది షిఫ్ట్. అమెరికా క్లయింట్ అయితే రాత్రి డ్యూటీ పడే అవకాశం ఎక్కువ. ఇంటికి కాస్త దగ్గర్లో ఆఫీసు కావాలంటే కరీంనగర్‌లో 2020లో, నిజామాబాద్‌లో 2023లో ప్రారంభమైన ఐటీ టవర్లు ఉన్నాయి.

ఫ్రీలాన్స్: పనికి ఇంత అని డబ్బులు. టైమ్ మీ చేతిలోనే ఉంటుంది. కానీ సాధారణంగా పీఎఫ్, సెలవు జీతం ఉండవు. కరెంటు, ఇంటర్నెట్ ఖర్చు మీదే.

పీస్ రేటు: బీడీల పని ఇదే. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. ఆకు నానబెట్టిన టైమ్‌కు, కత్తిరించిన టైమ్‌కు విడిగా పైసలు రావు.

బీడీ మహిళలకు పీఎఫ్ ఎలా వచ్చింది?

అసలు విషయం ఇక్కడే ఉంది. ఇంట్లో కూర్చుని చేసే పనికి కూడా హక్కులు ఉంటాయని దేశంలో ముందుగా తేలిన రంగాల్లో బీడీ ఒకటి. 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటి దగ్గర చేసేవాళ్లనూ కార్మికులుగానే చూసింది. 1977లో ఈ పరిశ్రమకు పీఎఫ్ వర్తింపజేశారు. ఇళ్లలో చేసేవాళ్లు మా ఉద్యోగులు కాదంటూ యజమానులు కోర్టుకెక్కారు. 1985లో సుప్రీంకోర్టు వాళ్ల వాదన ఒప్పుకోలేదు. బాగా లేని బీడీలను తీసి పక్కన పెట్టే అధికారం యజమానికి ఉందంటే, ఆ పని మీద అతని అదుపు ఉన్నట్టేనని తేల్చింది. అంటే ఎక్కడ కూర్చుని చేశారన్నది కాదు, పని ఎవరి అదుపులో ఉందన్నది ముఖ్యం.

దీని ఫలితం తర్వాత కనిపించింది. తెలంగాణ ప్రభుత్వం 2015లో బీడీ కార్మికులకు నెలకు రూ.1,000 జీవన భృతి మొదలుపెట్టి, 2019లో రూ.2,016 చేసింది. ఈ భృతికి పీఎఫ్ సభ్యత్వమే కీలక ఆధారం. ఏళ్ల తరబడి బీడీలు చేసినా, పేరు రికార్డులో లేకపోతే కార్మికురాలని నిరూపించుకోవడమే కష్టం.

మరి ల్యాప్‌టాప్ వాళ్లకు?

చదువుకున్నవాళ్ల పని కాబట్టి రక్షణ దానంతట అదే వస్తుందనుకుంటే పొరపాటే. 2017 ప్రసూతి ప్రయోజనాల సవరణ చట్టంలో వర్క్ ఫ్రమ్ హోమ్ ప్రస్తావన ఉంది. అదీ పని స్వభావాన్ని బట్టి, యజమాని, ఉద్యోగిని ఇద్దరూ ఒప్పుకుంటేనే. కాబట్టి మీకు ఏం దక్కుతుందో చెప్పేది చాలావరకు మీ చేతిలోని ఆఫర్ లెటరే.

ఒప్పుకునే ముందు ఈ 4 ప్రశ్నలు అడగండి

1. డబ్బులు నెలకా, గంటకా, పనికా?
2. పీఎఫ్ కడతారా? ఆఫర్ లెటర్‌లో హోదా ఉద్యోగి అని ఉందా, కన్సల్టెంట్ అని ఉందా?
3. ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ ఖర్చు ఎవరిది?
4. చేసిన పని నచ్చలేదంటే డబ్బులు ఆపేస్తారా? ఎంత వరకు?

ఇంకో జాగ్రత్త. వీడియోలకు లైక్ కొడితే రోజుకు వేలు అంటూ వాట్సాప్, టెలిగ్రామ్‌లో వచ్చే మెసేజ్‌లు నమ్మొద్దు. జాబ్ ఇవ్వడానికి ముందే రిజిస్ట్రేషన్ ఫీజు, డిపాజిట్ అడిగితే అక్కడే ఆగిపోండి. ఇప్పటికే డబ్బులు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇంటి నుంచి పని అంటే బస్సు చార్జీలు మిగులుతాయి, పిల్లలు కళ్ల ముందే ఉంటారు. నిజమే. కానీ ఇంట్లో చేసే పని బయటికి కనిపించదు. అందుకే చేసిన ప్రతి పనికీ కాగితం మీదో, ఫోన్‌లోనో లెక్క ఉండాలి. బీడీల పని చేసిన అమ్మను అడగండి. పీఎఫ్ నంబరు విలువేంటో ఆమే బాగా చెబుతుంది.