ఆకాశ విజ్ఞానము - మన కర్తవ్యము

మైపాడు సముద్రతీరాన రాత్రివేళ నిలిచి చూచినవారికి నక్షత్రాలు మిణుకుమిణుకుమంటూ గోచరిస్తాయి. కవికి అది రమణీయ దృశ్యం. ఖగోళ శాస్త్రజ్ఞునకు మాత్రం అవరోధం. వెచ్చని, చల్లని గాలిపొరలు కలగలసి కదలాడుటచేత నక్షత్రకాంతి దారి తప్పి, ప్రతిబింబం చెదరిపోతుంది. కనుక ఎంత పెద్ద దర్పణం నిర్మించినా కాంతి అధికంగా లభిస్తుందే గాని, స్పష్టత ఆ మేరకు పెరగదు.

ఈ చిక్కునకు పరిష్కారాన్ని 1953లో అమెరికా శాస్త్రజ్ఞుడు హొరేస్ బాబ్‌కాక్ సూచించాడు. గాలి కలిగించిన వక్రతను కొలిచి, దానికి ప్రతిగా ఆకృతి మార్చుకొనే దర్పణంతో సరిదిద్దాలన్నది ఆయన భావన. దీనినే అడాప్టివ్ ఆప్టిక్స్ అంటారు. నేడు కంప్యూటరు ఆజ్ఞానుసారం ఆ పలుచని దర్పణం సెకనుకు వందలసార్లు మారుతుంది. పరారుణ కిరణాల తరంగదైర్ఘ్యం దృశ్యకాంతి కంటె అధికం కావడంవల్ల, వాటి విషయంలో ఈ దిద్దుబాటు సులభతరం. పైగా అవి ధూళిమేఘాలను దాటి రాగలవు. ఈ సాధనం తోడ్పాటుతో పాలపుంత కేంద్రంలోని తారల గమనాన్ని ఏళ్ల తరబడి పరిశీలించి, అక్కడ సుమారు 40 లక్షల సూర్యుల ద్రవ్యరాశి ఇమిడి ఉన్నదని నిరూపించిన రైన్‌హార్డ్ గెంజెల్, ఆండ్రియా గెజ్‌లకు 2020లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది.

ఇది పరాయి విద్య అనుకొనుట పొరపాటు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాదులో నెలకొల్పిన నిజామియా వేధశాల, ప్రపంచ నక్షత్రపట నిర్మాణంలో పాలుపంచుకొన్నది. ఆ వేధశాల ఉద్యోగి కుమారుడు, హైదరాబాదులో చదువుకొన్న వైను బాపు 1979లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య అధ్యక్షుడైనాడు. 30 మీటర్ల దూరదర్శిని నిర్మాణ ప్రణాళికలో భారతదేశం 2014లో భాగస్వామిగా చేరింది.

తీరప్రాంతపు చిన్న కళాశాలకు ఈ నక్షత్రాల గొడవ ఎందుకని కొందరు పెద్దలు అడుగవచ్చు. ఈ విద్యయే కంటి రెటీనాలోని సూక్ష్మకణాలను స్పష్టంగా చూపి వైద్యులకు ఉపకరిస్తున్నదని వారికి నా మనవి. దీనికి కావలసిన గణితం, కాంతిశాస్త్రం మన పాఠ్యగ్రంథాలలోనే ఉన్నవి. కాని మన విద్యార్థి సూత్రాన్ని కంఠస్థం చేస్తాడే తప్ప, దర్పణాన్ని చేతబట్టి చూడడు. ఇదే అసలు లోపం.

కావున కళాశాల కమిటీవారు ఒక చిన్న దూరదర్శినిని సమకూర్చి, నెలకొక రాత్రి మేడపై ఆకాశ పరిశీలన ఏర్పాటు చేయాలి. ఆ పాఠం తెలుగు, ఉర్దూ భాషలు రెంటిలోనూ జరగాలి. తెలుగు విద్యార్థి రోహిణి అన్న తారనే ఉర్దూ విద్యార్థి అల్‌దబరాన్ అంటాడు. పేర్లు రెండైనా తార ఒక్కటే. విద్యార్థి మిత్రులారా! ఆ రాత్రి మేడ మెట్లెక్కుటకు మీరు సిద్ధంగా ఉండండి. కమిటీవారిని ఒప్పించు బాధ్యత అధ్యాపకులమైన మాది.